నైపాల్ మీద కోపం, కోరంగి రేవు

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో పుట్టిన ఇంగ్లీషు రచయిత వి.ఎస్. నైపాల్ పేరెత్తితే మన దగ్గర చదివేవాళ్లు వెంటనే రెండు జట్లైపోతారు. ఇండియాని తిట్టి పేరు తెచ్చుకున్నాడని ఒక జట్టు, ఉన్నమాటంటే ఉలుకెందుకని ఇంకో జట్టు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, ఎక్కడ నలుగురు పుస్తకాల మనుషులు కలిసినా ఈ వాదన వస్తుంది, వచ్చిందంటే ఓ పట్టాన తెగదు. దీన్ని రచయిత నోటి దురుసు కింద కొట్టిపారేస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ గొడవ వెనక దాదాపు రెండు శతాబ్దాల వలస చరిత్ర ఉంది, అందులో గోదావరి జిల్లాలకీ వాటా ఉంది, అది తెలియకుండా ఆయన పుస్తకాలు చదివితే తిట్లు మాత్రమే కనిపిస్తాయి.

1834లో బ్రిటిష్ వాళ్ల రాజ్యంలో బానిసత్వం పోయింది. చెరకుతోటలు మాత్రం పోలేదు, వాటిలో పనికి మనుషులు కావాలి. అప్పుడు ఇండియా మీద పడ్డారు. ఐదేళ్ల ఒప్పందం, కాగితం మీద వేలిముద్ర, ఓడెక్కడం. మారిషస్‌కి ఆ ఏడాదే పంపడం మొదలైంది. ట్రినిడాడ్‌కి మొదటి ఓడ ఫతల్ రజాక్ 1845 మే 30న చేరింది. అప్పటి నుంచి 1917లో ఈ పద్ధతి ఆపేదాకా ఆ ఒక్క దీవికే సుమారు 1,43,000 మంది వెళ్లారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలు, బీహార్ వాళ్లు. నైపాల్ తాత, అంటే తల్లికి తండ్రి, అలా వెళ్లినవాడే. 1932లో చగువానాస్ అనే ఊళ్లో పుట్టిన ఈ మనవడికి ఇండియా అంటే ఇంట్లో ఉన్న పాత నులకమంచాలు, ఇత్తడి సామాను, పూజగది. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

సరిగ్గా అదే కాలంలో మన కోరంగి ఏం చేస్తోందో చూడండి. యానాం పక్కన, గౌతమి సముద్రంలో కలిసే చోట, కోరంగిలోనూ తాళ్లరేవులోనూ ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. 1832-33 నందన కరువు జిల్లాని ఊడ్చిపెట్టేసింది. 1839 నవంబరులో తుఫాను వచ్చి రేవునే ముంచేసింది, కోరంగి మళ్లీ ముందటిలా లేవలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి గానీ పూర్తవలేదు. ఈ మధ్యలో బతుకుతెరువు లేని జనం ఓడెక్కారంటే ఆశ్చర్యమేముంది? 1843లో ఇక్కడి నుంచి మారిషస్‌కి తెలుగువాళ్లని తీసుకెళ్లిన ఓడకి కోరంగి పేరే ఉంది, కొరింగా పాకెట్ అని. ఆ తర్వాత బర్మా. కాలువలొచ్చి డెల్టా పచ్చబడ్డాక కూడా భూమి లేనివాళ్లు కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి, అక్కడి రేవులో బస్తాలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో ఆ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల చోట బర్మా వాళ్లని పెట్టి, సమ్మె తీరాక తీసేశారు. దాంతో పెద్ద అల్లర్లయి మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన మీద నడక, బోటు షికారు. పిల్లల్ని తీసుకుని వెళ్తాం, ఫొటోలు దిగుతాం, వచ్చేస్తాం.

అలా వెళ్లినవాళ్ల మనవడొకడు వందేళ్ల తర్వాత తాతల ఊరు వెతుక్కుంటూ ఏ తాళ్లరేవుకో వచ్చి, చూసింది నచ్చక చేదుగా రాశాడనుకోండి. మనకి కోపం వస్తుంది, రావాలి కూడా. అతను ఎందుకు వచ్చాడు, ఏం ఆశపడి వచ్చాడు అని కూడా అడగాలి కదా! నైపాల్ విషయంలో ఆ రెండో ప్రశ్న మనం అడగలేదని నా బాధ.

ముందు ఆయన తండ్రి సంగతి. సీపర్సాద్ నైపాల్ ట్రినిడాడ్ గార్డియన్‌లో విలేకరి. 1933లో పశువులకి రోగమొస్తే టీకాలు వేయించకుండా కాళికి మేకల్ని బలిస్తున్నారని తన వాళ్ల మీదే వార్త రాశాడు. నువ్వూ మేకని బలివ్వకపోతే చస్తావని బెదిరింపు ఉత్తరం వచ్చింది. భయపడి ఇచ్చాడు. జాతరల్లో బలులు చూసిన మనకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు గానీ, మూఢనమ్మకమని తానే రాసిన పని తన చేతులతో చేయాల్సి రావడం ఎలాంటిదో ఆలోచించండి. తర్వాత మనిషి మనసు చెదిరింది. ఒకరోజు అద్దంలో చూసుకుంటే తన ముఖం తనకి కనిపించలేదనీ, కేకలు పెట్టాడనీ నైపాల్‌కి తల్లి చెప్పింది. ఈ తండ్రే 1961లో వచ్చిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్' నవలకి మూలం. అత్తారింటి మంద మధ్య, సొంతమని చెప్పుకోవడానికి ఒక్క ఇల్లు కోసం బతుకంతా పెనుగులాడిన మనిషి కథ. ఉమ్మడి కుటుంబం తెలిసిన తెలుగు పాఠకుడెవడైనా ఆ వంటింటి రాజకీయాలు వెంటనే పోల్చుకుంటాడు.

మరుసటేడు మొదటి యాత్రా పుస్తకం వచ్చింది, వెస్టిండీస్ మీద. అక్కడ ఏదీ సృష్టించబడలేదని రాసేసరికి సొంత ఊరివాళ్లే మండిపడ్డారు. అంటే ఆయన దురుసు ఇండియా కోసం ప్రత్యేకంగా దాచిపెట్టుకున్నది కాదు.

1962లో బొంబాయిలో ఓడ దిగాడు. తెచ్చుకున్న మందు సీసాలు కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు, వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే ఇండియా మీద ఆయన మొదటి పుస్తకం, 'యాన్ ఏరియా ఆఫ్ డార్క్‌నెస్', మొదలవుతుంది. బహిర్భూమి గురించి రాసిన పేజీలే అందరికీ గుర్తుండిపోయాయి. నాకు గుర్తున్నది తాతగారి ఊరు. ఊరివాళ్లు ఆదరిస్తారు, చుట్టం ఒకాయన భూమి తగాదాకి సాయం అడుగుతాడు, ఈయనకి ఊపిరాడదు. జీపెక్కి వెళ్లిపోతుంటే అప్పుడే స్నానం చేసి తయారైన కుర్రాడొకడు పట్నం దాకా వస్తానంటాడు. వద్దు, నడిచి రమ్మనండి అంటాడు నైపాల్. వెంటనే తన క్రూరత్వాన్ని తానే ఒప్పుకుంటాడు. తన మీద తనకే కలిగిన అసహ్యాన్ని అచ్చులో పెట్టినవాణ్ణి, కేవలం దేశాన్ని తిట్టాడని ఎలా అంటాం?

ఆ పుస్తకం 1964లో రాగానే గొడవ మొదలైంది. తర్వాత కవి నిసీమ్ ఎజకియల్ రాసిన జవాబు ఇప్పటికీ మంచి జవాబు, ఎందుకంటే ఆయన నైపాల్ చూసినవి అబద్ధాలనలేదు, చూసిన పద్ధతి మీద పోట్లాడాడు. ఎమర్జెన్సీ రోజుల్లో నైపాల్ మళ్లీ వచ్చి 1977లో రాసినది ఇంకా కటువు. 1990లో వచ్చిన మూడోది, 'ఇండియా: ఎ మిలియన్ మ్యూటినీస్ నౌ', చదివితే ఇదే మనిషా అనిపిస్తుంది. తన తీర్పులు తగ్గించి ఎదుటివాళ్లని మాట్లాడనిచ్చాడు. బొంబాయి దళితులు, మద్రాసులో పెరియార్ అనుచరులు, కలకత్తా మాజీ నక్సలైట్లు, పేజీలకి పేజీలు వాళ్ల మాటలే. మొదటిది మాత్రమే చదివి తిట్టేవాళ్లు ఇది తప్పక చదవాలి.

అన్నిచోట్లా ఇలా మారాడని చెప్పను. ఇరాన్, పాకిస్తాన్, మలేసియా, ఇండోనేసియా తిరిగి ఇస్లాం గురించి 1981లో రాసిన పుస్తకం మీద సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ చేసిన విమర్శతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. మన ముస్లింల చరిత్రని ఆయన చూసిన తీరుని 2012లో ముంబైలో సాహిత్య వేదిక మీదే నాటక రచయిత గిరీష్ కర్నాడ్ నిలదీశారు, అది అవసరమైన పనే. ఆడవాళ్ల రాతల గురించి 2011లో అన్న మాటలకి సమర్థన లేదు. కాంగో మీద వ్యాసంలో కటువుగా తీర్పిచ్చినవాడే, 1979 నాటి 'ఎ బెండ్ ఇన్ ది రివర్' నవల్లో సలీం అనే చిల్లర వ్యాపారి భయాన్ని ఎంత దగ్గరగా చూపించాడో! నవలలో పాత్రకి బతకడానికి చోటివ్వాలి, అక్కడ ఆయన అభిప్రాయాలు కాస్త వెనక్కి తగ్గుతాయి. అందుకే నాకు యాత్రల కంటే నవలలే ఎక్కువ ఇష్టం.

డెల్టా వాళ్లు ఆయనతో పోట్లాడాలనుకుంటే అసలు చోటు వేరే ఉంది. 1972లో ఆయన మారిషస్ వెళ్లి 'ది ఓవర్‌క్రౌడెడ్ బారకూన్' అనే వ్యాసం రాశాడు (బారకూన్ అంటే బానిసల్ని బంధించి ఉంచే కొట్టం). జనం ఎక్కువ, పని లేదు, బయటికి దారి లేదు, ఈ దీవికి భవిష్యత్తు లేదన్న ధోరణిలో సాగుతుంది. ఆ జనంలో కోరంగిలో ఓడెక్కినవాళ్ల మునిమనవలూ ఉన్నారు. తర్వాత అక్కడ బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, టూరిజం పెరిగింది, దేశం నిలదొక్కుకుంది. ఉగాదికి ఇప్పుడు అక్కడ సర్కారు సెలవు, బడుల్లో తెలుగు చెబుతున్నారు. నైపాల్ లెక్క తప్పింది. ఎందుకు తప్పిందో మారిషస్ తెలుగువాళ్ల నోటినుంచే వినాలని, వాళ్లే రాస్తే చదవాలని నాకు చాలా ఉంది.