ఫైటర్ సిమ్యులేటర్లు: వాటిని తయారుచేసే మాకు తరచూ వినిపించే అపోహలు

అపోహ: ఎంత కదిలితే అంత అసలైన సిమ్యులేటర్

సిమ్యులేటర్ అంటే నేల మీదే విమానం నడిపే శిక్షణనిచ్చే యంత్రం. ప్యాసింజర్ విమానాలకైతే ఈ మాటలో నిజముంది. ఆరు కాళ్ల ప్లాట్‌ఫామ్ మీద క్యాబిన్‌ను మెల్లగా వెనక్కి వంచుతాం, తెర మీది దృశ్యాన్ని మాత్రం వంచం. వీపు సీటుకి ఆనుతుంది. విమానం వేగం అందుకుందని మెదడు నమ్మేస్తుంది. ఇక్కడ పనిచేసేది భూమ్యాకర్షణే కాబట్టి ఈ కిటుకుతో 1 జీ (నేల మీద మామూలుగా మన ఒంటికి తెలిసే బరువు) దాటలేం. ఫైటర్, అంటే యుద్ధ విమానం, మలుపు తిరిగితే 9 జీ దాకా పోతుంది. అందుకే చాలా ఫైటర్ సిమ్యులేటర్లు అసలు కదలవు. చుట్టూ గుమ్మటం లాంటి తెర, ఒళ్లంతా ఒత్తే సీటు, కాళ్లనీ పొట్టనీ బిగించే జీ-సూట్ అనే దుస్తులు, అంతే. నిజమైన జీ కావాలంటే మనిషిని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఎక్కాల్సిందే. మన దగ్గర అది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో ఉంది.

అపోహ: గ్రాఫిక్స్ అదిరితే చాలు

చూడ్డానికొచ్చిన అతిథులకు చాలు! పైలట్‌కి కావాల్సింది ఆలస్యం లేకపోవడం. స్టిక్ కదిపాక దృశ్యం మారడానికి సెకనులో పదో వంతు కంటే ఎక్కువ పడితే, గాల్లో ఇంధనం నింపుకోవడం లాంటి సున్నితమైన పనుల్లో చెయ్యి తడబడుతుంది. అవసరానికి మించి సరిదిద్దుతాడు, విమానం ఊగుతుంది. అంతకన్నా ప్రమాదం, ఆ ఆలస్యానికి అతను అలవాటుపడిపోవడం. ఆ అలవాటుతోనే అసలు విమానం ఎక్కుతాడు.

అపోహ: సిమ్యులేటర్‌లో అయింది గాల్లోనూ అవుతుంది

విండ్ టనెల్ (గాలి సొరంగంలో నమూనా పరీక్ష), ఫ్లైట్ టెస్ట్ డేటా ఉన్నంతవరకే. స్టాల్ (రెక్కలు విమానాన్ని సరిగ్గా మోయలేని స్థితి) దాటాక చాలాసార్లు మిగిలేది మా అంచనా.

అపోహ: యుద్ధ శిక్షణకి సిమ్యులేటర్ రెండో రకం సరుకు

దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. శత్రు రాడార్‌ని జామ్ చేసే అసలు పద్ధతుల్ని శాంతికాలంలో బాహాటంగా వాడరు, అవతలివాళ్లు వింటూ ఉంటారు కాబట్టి. మూసిన గదిలో ఆ భయం లేదు. క్షిపణుల్ని పదులకొద్దీ వదలొచ్చు, నెట్‌వర్క్‌లో వేరే బేస్‌లోని పైలట్లనీ కంట్రోలర్‌నీ కలపొచ్చు. కష్టమంతా శత్రువుని తయారుచేయడంలో ఉంది. ప్రతిసారీ ఒకేలా స్పందిస్తే, కుర్ర పైలట్లు నాలుగు రోజుల్లో మా ప్రోగ్రామ్‌ని ఓడించడం నేర్చుకుంటారు, శత్రువుని కాదు. అందుకే ముఖ్యమైన మిషన్లలో అవతలి పక్షాన ఓ అనుభవజ్ఞుణ్ణి కూర్చోబెట్టమంటాను. ఖర్చెక్కువని కొనేవాళ్లు గొణుగుతారు. ప్రొజెక్టర్ల బడ్జెట్ కాస్త తగ్గించైనా సరే, ఆ కుర్చీ మాత్రం ఉంచమంటాను.