పైడి జైరాజ్: బొంబాయి నెత్తిన పెట్టుకున్న కరీంనగర్ నటుడు

గద్దర్ పేరిట తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన సినిమా పురస్కారాలను 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేశారు. వాటిలో దర్శకుడు మణిరత్నానికి ప్రకటించిన ప్రత్యేక పురస్కారం పైడి జైరాజ్ పేరు మీద ఉంది. ఎన్టీఆర్, బి.ఎన్.రెడ్డి, కాంతారావు అనగానే ఒక ముఖమో, ఒక సినిమానో కళ్లముందు మెదులుతుంది. జైరాజ్ అంటే మన ఊళ్లలో చాలామందికి అలాంటిదేదీ గుర్తుకు రాదు. పాత హిందీ సినిమాలు చూసిన ఉత్తరాది తరానికి మాత్రం ఆయనను పరిచయం చేయనక్కర్లేదు. సొంత గడ్డ మీదే అపరిచితుడిగా మిగిలిపోవడం ఆయన చేసుకున్నది కాదు. దాని వెనక వందేళ్ల కథ ఉంది.

జైరాజ్ 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టారు. అసలు పేరు పైడిపాటి జైరుల నాయుడు. సరోజినీ నాయుడు కుటుంబానికి బంధువు. చదువు హైదరాబాద్ నిజాం కళాశాల దాకా సాగింది. ఆయన పెరిగిన రోజుల్లో నిజాం రాజ్యంలో ప్రభుత్వ కార్యాలయాల భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయాలు వెలిశాయి కానీ, అవి ఏటికి ఎదురీదుతున్న సంస్థలు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడితే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువారి సంస్థగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. జైరాజ్‌కు అప్పటికి పన్నెండేళ్లు. అలాంటి రోజుల్లో చదువుకున్న పిల్లవాడి నోట ఉర్దూ ధారాళంగా పలకడంలో వింతేమీ లేదు. తర్వాత ఆ ఉర్దూయే ఆయనకు అన్నం పెట్టింది, తెలుగు తెరకు దూరం కూడా చేసింది.

సినిమా మాత్రం హైదరాబాద్‌లో కాలూనినట్టే ఊని జారిపోయింది. బెంగాల్ నుంచి వచ్చిన ధీరేన్ గంగూలీ 1922లో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు, అంటే మాటల్లేని సినిమాలు, తీశారు. 1924లో రజియా బేగం చిత్రాన్ని ప్రదర్శించారు. ఢిల్లీని ఏలిన ముస్లిం రాణికీ, ఒక హిందువుకూ మధ్య ప్రేమ అందులోని ఇతివృత్తం. నిజాం ఆగ్రహించి గంగూలీని రాజ్యం విడిచి వెళ్లమన్నారు. కంపెనీ అంతటితో ముగిసింది. ఒక్క సినిమా మీద కోపంతో ఒక పరిశ్రమనే మొగ్గలో తుంచేశారు. తెలంగాణ సినిమా చరిత్రలో అంతకు మించిన నష్టం మరొకటి నాకు కనిపించదు. ఆ కంపెనీ నిలబడి ఉంటే నటించాలని ఉబలాటపడే కుర్రవాళ్లు రైలెక్కాల్సిన అవసరం ఉండేది కాదు.

జైరాజ్ 1929లో బొంబాయి చేరారు. ఆ ఏడాదే 'జగ్‌మగ్‌తీ జవానీ' అనే మూకీతో తెర మీదికి వచ్చారు. మద్రాసు కాక బొంబాయి ఎందుకన్నది ఆ కాలాన్ని చూస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. సికింద్రాబాద్‌ను వాడి జంక్షన్ దగ్గర బొంబాయి లైనుతో కలిపిన రైలుమార్గం 1874 నుంచే ఉంది. మూకీలు తీసే కంపెనీలు అక్కడే ఎక్కువ. మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినా ఆర్థికంగా నిలదొక్కుకోలేకపోయారు. పైగా మూకీకి భాషతో పనిలేదు. కావాల్సింది ఒడ్డూ పొడుగూ, కత్తి తిప్పగల చెయ్యి, చూపుతో మాట్లాడగల ముఖం. ఆ మూడూ జైరాజ్‌కు ఉన్నాయి.

1931 మార్చి 14న 'ఆలం ఆరా' విడుదలై తెరకు మాట వచ్చింది. మూకీల్లో వెలిగిన ఎందరో నటులు హిందుస్తానీ పలకలేక వెనకబడిపోయారు. జైరాజ్‌కు ఆ చిక్కు రాలేదు. హైదరాబాద్‌లో అబ్బిన ఉర్దూ ఆయనను టాకీల్లోకి దాటించింది. సరిగ్గా అప్పుడే, అదే బొంబాయిలో, హెచ్.ఎం.రెడ్డి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీశారు. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. అందులో నటించినవారు ఎక్కువగా సురభి నాటక సమాజం వాళ్లు. ఎల్.వి.ప్రసాద్ కూడా చిన్న వేషం వేశారు. తెలుగు టాకీకి ఆనాడు కావాల్సింది పద్యం ఎత్తుకుని రాగం తీయగల రంగస్థల నటుడు. జైరాజ్ ఆ బాటలో వచ్చినవాడు కాదు. ఒకే నగరంలో ఉండి కూడా తెలుగు సినిమా, తెలుగు నటుడు ఒకరినొకరు దాటుకుని వెళ్లిపోయారు. కొన్నేళ్లకే తెలుగు చిత్ర నిర్మాణం మద్రాసుకు చేరింది. జైరాజ్ బొంబాయిలోనే ఉండిపోయారు.

ఆయన తొలినాళ్లలో నన్ను బాగా ఆకట్టుకునే ఘట్టం 1934 నాటి 'మజ్దూర్'. హిందీ, ఉర్దూ రచయిత ప్రేమ్‌చంద్ సినిమాకు కథ రాయడానికి బొంబాయి వచ్చి, మోహన్ భావనానీ దర్శకత్వంలో తీసిన ఈ చిత్రానికి పనిచేశారు. మిల్లు కార్మికుల కష్టాలు, సమ్మె దాని కథ. జైరాజ్ కథానాయకుడు, బిబ్బో నాయిక. ప్రేమ్‌చంద్ కూడా ఒక చిన్న పాత్రలో కనిపించారు. బొంబాయి సెన్సార్ బోర్డులో మిల్లు యజమానుల ప్రతినిధి ఉండగా అలాంటి సినిమా గట్టెక్కడం ఎలా సాధ్యం? అక్కడ నిషేధించారు. ప్రదర్శించిన కొన్ని ఉత్తరాది నగరాల్లో కార్మికుల్లో కదలిక వచ్చిందన్న భయంతో మళ్లీ ఆపించారు. ఆ చిత్రం ప్రతి ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. అదే 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మొదలైంది. మగ్గాల హోరు మధ్య బతుకులు గడిపిన వరంగల్ కార్మిక కుటుంబాలు తమ పక్క జిల్లా మనిషిని తెర మీద మిల్లు కథలో చూసి ఉంటే ఎంత బాగుండేది!

దర్శకుడిగా ఆయన పేరు 1945 నాటి 'ప్రతిమ'తో నిలిచింది. బాంబే టాకీస్ చిత్ర నిర్మాణ సంస్థ అధినేత్రి దేవికారాణి ఆ బాధ్యత అప్పగించారు. (ఆమె పుట్టింది విశాఖ వాల్తేరులో.) అందులో కథానాయకుడు దిలీప్‌కుమార్. 'జ్వార్ భాటా' తర్వాత ఆయన చేసిన రెండో చిత్రమిది. ఇంకా నిలదొక్కుకోని దిలీప్‌కుమార్‌ను నడిపించిన తొలి దర్శకుల్లో కరీంనగర్ మనిషి ఒకరన్నమాట. 1951లో నర్గీస్ నాయికగా 'సాగర్' చిత్రానికి దర్శకత్వం వహించడమే కాక స్వయంగా నిర్మించారు. నిర్మాణం మాత్రం ఆయనకు కలిసి రాలేదు.

1950, 60 దశకాల్లో ఆయన మళ్లీ తెర మీద వెలిగారు, ఈసారి చారిత్రక వీరుడిగా. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, వీర దుర్గాదాస్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్ - అందరూ ఆయన ముఖంతోనే జనానికి చేరువయ్యారు. 1956 నాటి 'హాతింతాయ్'లో ఆపదలన్నీ దాటుకుంటూ పోయే హాతింగా మెప్పించారు. రాజపుత్ర వీరుడంటే ఇలా ఉంటాడని ఉత్తరాదికి చూపిన నటుడు కాకతీయులు ఏలిన నేల మీద పుట్టినవాడు. ప్రతాపరుద్రుడి కథను హిందీలో తీద్దామని ఎవరికైనా తోచి ఉంటే ఆ పాత్రకు జైరాజ్ కంటే తగినవారు ఎవరుండేవారు?

గాంధీ హత్య నేపథ్యంలో మార్క్ రాబ్సన్ తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లో జైరాజ్ జి.డి.బిర్లా పాత్ర వేశారు. ఆ చిత్రాన్ని మన దేశంలో నిషేధించారు. తర్వాత వయసుకు తగ్గ పాత్రలకు మళ్లారు. 'షోలే'లో పోలీసు కమిషనర్ ఆయనే. ఆ సినిమాను పదిసార్లు చూసిన కరీంనగర్ ప్రేక్షకులకు కూడా ఆ కమిషనర్ తమ ఊరి మనిషని తెలియదు. ఈ ఒక్క సంగతి నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

1980 సంవత్సరానికి ఆయనకు సినిమా రంగంలో దేశ అత్యున్నత గౌరవమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి తర్వాత ఆ గౌరవం పొందిన రెండో వ్యక్తి ఆయన. ఎల్.వి.ప్రసాద్‌కు అది రెండేళ్ల తర్వాత వచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టిన ధీరేన్ గంగూలీకి కూడా 1975కు అదే పురస్కారం లభించింది. నిజాం రాజ్యం నిలుపుకోలేకపోయిన ఇద్దరినీ దేశం నెత్తిన పెట్టుకుంది. జైరాజ్ 2000 ఆగస్టు 11న ముంబైలో కన్నుమూశారు.

ఉమ్మడి రాష్ట్రంలో ఆయన పేరు ఎందుకు వినిపించలేదు? తెలుగు సినిమాకు పెట్టుబడి కోస్తా నుంచి వచ్చింది, పరిశ్రమ మద్రాసులో పెరిగింది. ఆ వ్యాపారానికి తెలంగాణ అంటే వసూళ్లు లెక్కకట్టే నైజాం ఏరియా. చరిత్ర రాసినవారూ మద్రాసు చుట్టూనే తిరిగారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నంది సినిమా పురస్కారాల్లో ఎన్టీఆర్, రఘుపతి వెంకయ్య, బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి-చక్రపాణి పేర్లతో ప్రత్యేక గౌరవాలు ఉండేవి. వారంతా అర్హులే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అయితే ఫాల్కే అందుకున్న తెలంగాణ నటుడి పేరు ఆ వరుసలో పెట్టాలని ఎవరికీ తట్టలేదు. తెలుగులో నటించనివాడు తెలుగు సినిమావాడు కాడని సరిపెట్టుకున్నారు. ఆయనను తెలుగు తెరకు దూరం చేసిన పరిస్థితులను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు పురస్కారానికీ పెట్టారు.

పేర్లు పెట్టడంతో పని పూర్తి కాలేదు. దేశంలో తీసిన సుమారు 1,300 మూకీల్లో మిగిలినవి చాలా కొద్ది, వాటిలోనూ కొన్ని ముక్కలుగానే ఉన్నాయి. జైరాజ్ మూకీలు మనకు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోలేం. కానీ 1950, 60ల నాటి చిత్రాలు కొన్ని ఇప్పటికీ చూడవచ్చు. పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఆయనవి ఏమేమి భద్రంగా ఉన్నాయో ప్రభుత్వం అడిగి తెలుసుకోవాలి. దొరికినవాటికి తెలుగు ఉపశీర్షికలు వేయించి, ఏటా సెప్టెంబరు 28న కరీంనగర్‌లో, వరంగల్‌లో కళాశాల విద్యార్థులకు ఉచితంగా ప్రదర్శించాలి. మొదట 'హాతింతాయ్'ని ఎంచుకుంటే మంచిది, పిల్లలకు కూడా నచ్చుతుంది.