క్యాంపర్ ట్రెయిలర్ కుదుపులు: అపోహలు - వాస్తవాలు

కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు లాంటి క్యాంపర్ ట్రెయిలర్‌ను మా మరమ్మతు షెడ్డుకు తెచ్చేవారిలో చాలామంది దిగగానే అనే మాట ఒక్కటే: “కుదుపులు భరించలేకున్నాం, ఇంతకంటే బలమైన కమాను కట్టలు వేయండి.” కమాను కట్టలంటే ఇరుసు మీద బండిని మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు. ప్రతి ప్రయాణం చివర తలుపు తీసేసరికి అల్మరాలోని సామానంతా నేల మీద ఉంటే ఎవరికైనా ఆందోళన కలుగుతుంది. వారికి ఆ సలహా ఇచ్చి పంపినవారి మీదే నాకు సహనం నశిస్తుంది, ఎందుకంటే యజమానుల డబ్బు వృథా చేయించి, ఆపైన బండిని కూడా పాడుచేసే అపోహ ఇదే.

అపోహ: బలమైన కమానులు వేస్తే కుదుపులు తగ్గుతాయి.

వాస్తవం: తగ్గవు, పెరుగుతాయి. చక్రం గుంతలో పడి పైకి ఎగసినప్పుడు కమాను వంగి ఆ దెబ్బను తనలో ఇముడ్చుకోవాలి. బరువు అంతే ఉండగా కమాను మాత్రం గట్టిదైతే అది తగినంత వంగదు, ఆ దెబ్బ ఛాసిస్‌కూ, అక్కడి నుంచి గోడలకూ అల్మరాల స్క్రూలకూ చేరుతుంది. నిండు లారీ కంటే ఖాళీ లారీ ఎక్కువగా ఎగిరిపడేది ఇందుకే. పైగా 3,500 పౌండ్ల, అంటే సుమారు 1,588 కిలోల ఇరుసుకు ఇరువైపులా ఉండే 1,750 పౌండ్ల కమానులు తీసి 2,250 పౌండ్లవి బిగించినంత మాత్రాన ఆ ఇరుసు 4,500 పౌండ్లు మోయదు. ఇరుసు గొట్టం, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. వాటిలో అన్నిటికంటే తక్కువ మోసే భాగం ఎంత మోయగలదో మొత్తం సామర్థ్యం అంతే.

పట్టీ విరిగినా, బరువు మీద కమాను వంపు పోయి అవతలి వైపుకు తిరిగినా తప్పకుండా మార్చాలి. అయితే అంతకుముందు నీళ్లు, గ్యాసు, సామానుతో సహా బండిని వేబ్రిడ్జి మీద తూచాలి. బరువు పరిమితి దాటి ఉంటే దించవలసింది సామానును.

ఒక వృద్ధ దంపతుల క్యాంపర్ ఇలాగే వచ్చింది. రంగు కూడా మాయని కొత్త కమానులు, అసలు వాటికంటే పెద్దవి, వేరొక చోట వేయించుకున్నారు. వేయించాక కుదుపులు రెట్టింపయ్యాయని ఆ పెద్దావిడ చెప్పారు. ఛాసిస్ కింద జాకీ పెట్టి బరువు తీసి చూస్తే, రెండు ఇరుసుల మధ్య బరువు పంచే ఈక్వలైజర్ పాతదే ఉంది. దాని బోల్టు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, అంటే బుష్, పూర్తిగా అరిగి రాలిపోగా, బోల్టు ఇనుముతో ఇనుము రాసుకుని ఒక వైపు గాడి పడి మెరుస్తోంది. కమానును ఈక్వలైజర్‌కు కలిపే షాకిల్ పట్టీల రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. ఆ పెద్దాయన పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసి, “ఇదేనా బాబూ, మా గిన్నెలన్నీ పగలగొట్టింది?” అని అడిగారు. “అదీ, మీకు అమ్మిన ఆ కమానులూనండీ,” అన్నాను. అసలు సామర్థ్యం గల కమానులు, మందమైన షాకిల్ పట్టీలు, కొత్త ఈక్వలైజర్, కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కించే బోల్టులు వేసి పంపాను. ఇప్పుడు అల్మరా తలుపులు మూసినవి మూసినట్టే ఉంటున్నాయట.

గ్రీజు ఎక్కించే బోల్టులు వేయించుకున్నవారు ఒక విషయం గమనించాలి: బరువు మీద ఉన్న బోల్టులోకి గ్రీజు సరిగా ఎక్కదు, కాబట్టి బండిని ఎత్తి ఎక్కించాలి. జాకీని ఎప్పుడూ ఛాసిస్ కిందే పెట్టాలి. ఇరుసు గొట్టం కింద పెడితే అది వంగే ప్రమాదం ఉంది.

అపోహ: టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ గాలి ఎప్పుడూ ఉండవలసిందే.

వాస్తవం: ఆ టైరు తన గరిష్ఠ బరువు మోయడానికి కావలసిన గాలి అది. మీ బండి అంతకంటే చాలా తేలికైతే, టైరు కూడా ఒక స్ప్రింగే కనుక, అంత గాలి కుదుపును పెంచుతుంది. తూచిన బరువుకు టైరు కంపెనీ పట్టికలో ఎంత ఉందో, బండి మీది ప్లేటులో ఎంత రాశారో చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించాలి. మెత్తదనం కోసం అంతకంటే తగ్గిస్తే టైరు వేడెక్కి పగులుతుంది. ఆ ప్రయోగం ఎవరూ చేయవద్దు.

అపోహ: షాక్ అబ్జార్బర్లు బరువు మోస్తాయి.

వాస్తవం: మోయవు. గుంత దాటాక కమాను పదే పదే ఊగకుండా ఆపుతాయి, అంతే. అరిగిన బుష్‌లకు అవి మందు కావు.

అపోహ: రబ్బరు టార్షన్ ఇరుసుకు ఏ సంరక్షణా అక్కరలేదు.

వాస్తవం: కమానులకు బదులు గొట్టం లోపలి రబ్బరుతో కుదుపును ఇముడ్చుకునే ఇరుసు ఇది. బేరింగులకు గ్రీజు దానికీ కావాలి. లోపలి రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడితే సాధారణంగా ఇరుసు మొత్తం మార్చవలసి వస్తుంది. రెండు టార్షన్ ఇరుసులున్న బండి ముందుకో వెనక్కో వాలి నడిస్తే ఒక ఇరుసు మీదే భారం పడుతుంది, కాబట్టి కారుకు తగిలించే కొక్కెం, అంటే హిచ్, ఎత్తు సరిచేసి బండిని సమతలంగా లాగాలి.

కమానులు ఎవరి దగ్గర మార్పించినా వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను తయారీదారు చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించారో లేదో అడగండి. కొంత దూరం నడిపాక మళ్లీ ఒకసారి సరిచూపించండి.