ఋషికుల్య తాబేళ్ళని లెక్కపెట్టే పరిశోధకులు

1994లో బివాష్ పాండవ్ అనే యువ పరిశోధకుడు వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా తరఫున ఒడిశా తీరం వెంట తాబేళ్ళ సర్వే చేసుకుంటూ మన గంజాం జిల్లా దాకా వచ్చాడు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పురుణబంధ, గోఖరకుద, పోడంపేట ఊళ్ళ పక్క ఇసుకలో, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులు గుంపులుగా ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలకి అప్పుడు తెలిసింది. అంతకుముందు గహిర్‌మథ సంగతి 1974లో, దేవీ నది మొగ సంగతి 1981లో బయటికొచ్చాయి, ఒడిశాలో మనది మూడోది. అక్కడుండే మన తెలుగు మత్స్యకారులకి (నోళియాలంటారు ఇక్కడ) మాత్రం తాబేళ్ళు రావడం ఏం కొత్త కాదు, కూర్మావతారమని దణ్ణం పెట్టుకునేవాళ్ళే, శ్రీకూర్మం కూడా మనకి ఎంతో దూరం కాదు కదా.

బరంపురం వైపు మన పిల్లలు రీసెర్చ్ అంటే బెంగళూరు లేదా అమెరికా, ఏసీ ల్యాబు, తెల్లకోటు అనుకుంటారు, పేపర్లలో కూడా ర్యాంకులు, ప్యాకేజీలు తప్ప వేరే వార్త ఉండదు, కానీ ప్రపంచమంతా చదివే తాబేళ్ళ పరిశోధన ముప్పై ఏళ్ళుగా మన గుమ్మం ముందే నడుస్తోంది, దాన్ని నడిపించినవాళ్ళలో చాలామంది అప్పటికి పీహెచ్‌డీలు చేసుకుంటున్న స్టూడెంట్లే. పాండవ్‌కి డాక్టరేట్ ఉత్కళ్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. బాసుదేవ్ త్రిపాఠీ ఋషికుల్య తాబేళ్ళ మీదే థీసిస్ రాశారు, అది ఏ యూనివర్సిటీకో తెలుసా, మన విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీకి, 2005లో. ఈ సంగతి మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవాలి.

అసలు లక్షల తాబేళ్ళని ఎలా లెక్కపెడతారు అని చాలామందికి డౌటు. చీకట్లో ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టడం కుదరదు, ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంటుంది, చూసిందాన్నే మళ్ళీ చూస్తాం. అందుకని ఏం చేస్తారంటే, ఒడ్డు మొత్తానికీ నీటి అంచు నుంచి పైకి కొంత వెడల్పు పట్టీలు కొలిచి గుర్తులు పెట్టుకుంటారు, ఒక్కో పట్టీకీ మధ్య కొంత దూరం వదిలేస్తారు. రాత్రంతా కొన్ని గంటలకోసారి ఆ పట్టీల్లో నడిచి, ఆ క్షణాన గుడ్లు పెడుతూ కనిపించిన తాబేళ్ళని మాత్రమే రాసుకుంటారు. పైకి పాకుతున్నది లెక్కలోకి రాదు, అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు. ఒక తాబేలు గుడ్లు పెట్టడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో విడిగా కొలిచి ఉంచుకుంటారు, దాన్నిబట్టి రాత్రి మొత్తానికి ఎన్ని వచ్చి ఉంటాయో, పట్టీల్లో దొరికిన అంకెని ఒడ్డు మొత్తానికి పెంచితే ఎంతవుతుందో లెక్క కడతారు. వినడానికి ఈజీ, చేయడానికి మాత్రం వారం పదిరోజులు నిద్ర ఉండదు, దక్షిణపు గాలి ఇసుకని మొహాన కొడుతూ ఉంటుంది, లైటు వేస్తే తాబేలు బెదురుతుంది కాబట్టి ఎర్ర లైటు సన్నగా వేసుకుని నడవాలి. ఆ గాలి లేచినప్పుడే తాబేళ్ళు గుంపుగా ఎక్కుతాయన్నది కూడా ఏళ్ళ తరబడి చూసి, రాసి తేల్చుకున్నదే.

2025 ఫిబ్రవరిలో ఋషికుల్యలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి, అదొక రికార్డు. 2023లో 6 లక్షలు దాటాయి. ఈ రెంటికీ మధ్య 2024లో సామూహికంగా అసలు రానేలేదు. ఒక్క ఏడాది లెక్క చూసి తాబేళ్ళు అయిపోయాయనో, బ్రహ్మాండంగా పెరిగాయనో అంటే రెండూ తప్పే, ఇరవై ముప్పై ఏళ్ళ వరస కావాలి, ఆ వరస తెగకుండా ఒకరి తర్వాత ఒకరు నోట్‌బుక్కు అందుకుంటూ వచ్చారే, అదే నా దృష్టిలో ఏ గోల్డ్ మెడల్ కన్నా పెద్ద విజయం.

ఇప్పుడు నన్ను బాగా ఆలోచనలో పడేసే విషయానికొస్తాను. తాబేలు పిల్ల ఆడా మగా అన్నది మనలాగా క్రోమోజోముల్లో రాసి ఉండదు, గుడ్డు పొదిగే రోజుల మధ్య భాగంలో ఇసుక ఎంత వేడిగా ఉందన్నదే తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర అటూ ఇటూ సగం సగం, అంతకన్నా వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. పుట్టిన పిల్లని బయటి నుంచి చూసి ఏదో చెప్పలేం. అందుకే గుంట లోతున టెంపరేచర్ రికార్డు చేసే చిన్న పరికరాలు పాతిపెట్టి, సహజంగా చచ్చిపోయిన పిల్లల్ని ఏరి వాటి లోపలి అవయవాలు మైక్రోస్కోప్ కింద చూస్తారు, బతికున్నదాన్ని ముట్టుకోరు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్ కార్తీక్ శంకర్ వాళ్ళ బృందం ఇలా ఋషికుల్యలో ఏళ్ళ తరబడి చూస్తే ఎక్కువ సంవత్సరాల్లో ఆడపిల్లలే ఎక్కువ తేలాయి. ఇసుక ఇంకా వేడెక్కితే మగవి ఎన్ని మిగులుతాయి, మరీ వేడైతే గుడ్డులోనే చచ్చిపోతాయి కూడా, కాబట్టి ఈ కొలత ఆపకూడదు.

లైట్ల మీద కూడా మంచి పని జరిగింది. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల రాత్రిపూట ఎటు వెలుతురుంటే అటు పాకుతుంది, అసలైతే సముద్రం వైపే ఆకాశం తెల్లగా ఉంటుంది, కానీ వెనక ఊళ్ళో ఫ్యాక్టరీ లైట్లు, వీధి దీపాలు ఉంటే అటు తిరిగి పోయి కుక్కలకీ కాకులకీ దొరుకుతుంది. దివ్య కర్నాడ్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్ళు ఋషికుల్యలోనే పిల్లల్ని రకరకాల లైట్ల ముందు వదిలి ఎటు పోతున్నాయో పరీక్ష చేసి 2009లో పేపరు వేశారు. సరుగుడు తోటలు పోటు నీళ్ళు వచ్చే గీతకి 50 మీటర్లు అవతల ఉంటే ఆ వెలుతురుని బాగా అడ్డుకుంటాయని తేలింది. మరీ నీళ్ళ దగ్గరగా నాటితే గుడ్లు పెట్టే జాగానే పోతుంది కదా, అందుకే ఆ దూరం ఎంతో తెలియడం చాలా పనికొచ్చే సంగతి.

హైదరాబాద్‌లో జీవకణాల మీద, డీఎన్‌ఏ మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ పాత్ర కూడా చెప్పాలి. కార్తీక్ శంకర్ అక్కడ రమేష్ అగర్వాల్, లాల్జీ సింగ్ వాళ్ళతో కలిసి తూర్పు తీరం తాబేళ్ళ డీఎన్‌ఏ చూసి 2004లో అచ్చేశారు. మన తాబేళ్ళ వంశం మిగతా సముద్రాల ఆలివ్ రిడ్లీల కన్నా పాతదనీ, పసిఫిక్, అట్లాంటిక్ సముద్రాల్లోకి మళ్ళీ విస్తరించింది ఇక్కడి మూలం నుంచే అయ్యుండొచ్చనీ వాళ్ళు అన్నారు. అంటే మన తీరం పోతే పోయేది ఒక జిల్లా సంపద ఒక్కటే కాదు.

ఇక్కడ మన నోళియాల మాట ఎత్తకపోతే అన్యాయం. నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఈ మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం, ఏడు నెలలు, మరబోట్ల వలల్లో పడి ఊపిరాడక తాబేళ్ళు చచ్చిపోవడం నిజమే కాబట్టి నిషేధం అవసరమే, కానీ ఆ భారం మోసేది ఈ ఊళ్ళ ఇళ్ళే. అదే ఊళ్ళ కుర్రాళ్ళు రాత్రుళ్ళు కాపలా కాస్తారు, దారి తప్పిన పిల్లల్ని తట్టల్లో ఏరి నీళ్ళ దగ్గర వదుల్తారు, పరిశోధకులతో పాటు పట్టీల్లో నడుస్తారు. పరిశోధన పేపర్ల మీద వాళ్ళ పేర్లు కూడా ఉండాలనీ, ఆ ఫలితాలు తెలుగులో, ఒడియాలో ఆ ఊరి బళ్ళలో చెప్పాలనీ నా గట్టి కోరిక. బరంపురం యూనివర్సిటీలో మెరైన్ సైన్సెస్ ఉంది, 2016లో ఐసర్ (సైన్సు చదువులు, పరిశోధనల కేంద్ర సంస్థ) కూడా వచ్చింది, నోళియా ఇంటి పిల్ల ఒకరు రేపు ఈ తాబేళ్ళ మీద థీసిస్ రాయడానికి ఊరు దాటి పోవాల్సిన పని లేదు.

చివరిగా, ఆంధ్రా యూనివర్సిటీలో థీసిస్ రాసిన త్రిపాఠీ గారు తర్వాత జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి, 2021 నుంచి తాబేళ్ళ రెక్కలకి నెంబరున్న లోహపు బిళ్లలు తగిలించే పనిలో ఉన్నారు. 2021 మార్చి 18న గహిర్‌మథలో 03233 నెంబరు బిళ్ల వేసిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. శ్రీలంక చుట్టూ తిరిగి వెళ్ళుంటే దాదాపు 3,500 కిలోమీటర్లు అని అంచనా. తూర్పు తీరం తాబేళ్ళు వేరు, పడమటి తీరం తాబేళ్ళు వేరు అని అప్పటిదాకా అనుకునేవాళ్ళు, ఇదొక్కటీ ఆ లెక్కని మళ్ళీ చూసుకునేలా చేసింది. ఇది ఒక్కటే అలా వెళ్ళిందా, చాలా వెళ్తున్నాయా అన్నది తేలాలంటే ఇంకా బిళ్లలు దొరకాలి. అందుకని గోపాల్‌పూర్ నుంచి భీమిలి దాకా సముద్రం మీదికెళ్ళే మనవాళ్ళెవరికైనా వలలో గానీ ఒడ్డున గానీ బిళ్ల ఉన్న తాబేలు కనిపిస్తే బిళ్ల పీకకండి, ఫోన్‌లో నెంబరు, తారీఖు, చోటు ఫొటో తీసి దగ్గర్లోని ఫారెస్టు వాళ్ళకి చెప్పి తాబేల్ని నీళ్ళలో వదిలేయండి.