పదమూడో మనిషి

చిట్టికీ, నానిగాడికీ తాతయ్య దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో మీ అక్క ఫిలిప్పీన్స్ దేశంలోని దావో నుంచి మాట్లాడుతూ, ఏటా జనవరి 22న మనీలాలో రైతులు ఊరేగింపు తీస్తారని చెప్పింది. నానిగాడు వెంటనే "అక్కడ కూడా వడ్లు పండుతాయా?" అన్నాడు. పండకేంరా! నా చిన్నప్పుడు మన గోదావరి జిల్లాల్లో దిగుబడిని మార్చేసిన ఐ.ఆర్.8 విత్తనం అక్కడి లోస్ బానోస్‌లో తయారైందే. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని వేసి చూపించాకే మనవాళ్ళకి నమ్మకం కుదిరింది. విత్తనం ఇచ్చిన ఆ దేశంలో మాత్రం దున్నేవాళ్ళలో చాలామందికి సొంత మడి లేదు. ఊరేగింపు సంగతి అక్కడే మొదలైంది.

1986లో అక్కడి జనం లక్షల మంది రోడ్ల మీదికొచ్చి మార్కోస్ అనే నియంతను దించేశారు. కొరజోన్ అక్వినో అధ్యక్షురాలైంది. భూములు పంచుతానని మాటిచ్చింది. ఏడాది కావస్తున్నా ఉలుకూ పలుకూ లేదు. 1987 జనవరిలో రైతులు మూటాముల్లె సర్దుకుని వచ్చి, భూసంస్కరణల మంత్రిత్వశాఖ ముందే మకాం పెట్టారు. వాళ్ళ నాయకుడు హైమే తదేయో. భూమి ఉచితంగా ఇవ్వండి, భూస్వాములు అట్టేపెట్టుకోవడం ఆపండి, భూమి పేరు చెప్పి మా దగ్గర వసూలు చేసే వాయిదాలు రద్దు చేయండి అన్నారు. మంత్రితో మాట్లాడారు, తేలలేదు. ఇక అధ్యక్షభవనానికే వెళ్దామని 22న వేల మంది నడిచారు. భవనానికి దారితీసే మెండియోలా వంతెన దగ్గర పోలీసులూ సైనికులూ అడ్డం నిలబడ్డారు. తోపులాట జరిగింది. ఆ తర్వాత తుపాకులు పేలాయి.

ఎంతమంది చనిపోయారంటే రైతులు 13 అంటారు. కోర్టు తీర్పులో మాత్రం 12 అనే ఉంది. పదమూడో మనిషి పేరూ, ఊరూ తదేయో చెప్పలేకపోయాడు, అందుకని ఆ మనిషి లెక్కలోకి ఎక్కలేదు. నాకు ఈ కథ మొత్తంలో గుండెలో గుచ్చుకునేది ఇదే. ఏ ఊరి నుంచి ఎవరి వెంట వచ్చాడో, ఇంటి దగ్గర ఎవరు ఎదురు చూశారో! రైతులు మాత్రం ఏ ఏడూ 13 అనడం మానలేదు.

ఆ కాల్పుల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం బాధిత కుటుంబాలకు పరిహారం ఇవ్వమంది. ఇవ్వలేదు. వాళ్ళు కోర్టుకెళ్తే, ప్రభుత్వం ఒప్పుకోకుండా దానిమీద దావా వేయడం కుదరదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది.

1988లో భూసంస్కరణ చట్టం వచ్చింది. వచ్చింది గానీ అందులో ఒక కంత ఉంది: భూమికి బదులు కంపెనీ షేర్లు ఇచ్చినా సరిపోతుందట. ఆ కంతలోంచి దూరిపోయినవాటిలో అక్వినో పుట్టింటివాళ్ళదే ఒకటి ఉంది. దాని పేరు హసియెండా లూయిసితా, తార్లాక్ రాష్ట్రంలో 6,453 హెక్టార్ల చెరకుతోట. అంటే మన లెక్కలో దాదాపు 16 వేల ఎకరాలు! 1957-58లో ప్రభుత్వ సంస్థల సాయంతో కొన్నప్పుడే, దాన్ని చిన్న రైతులకు అమ్మాలనే షరతు ఉండింది. చివరికి కూలీలకు దక్కింది షేరు కాగితం. అదీ ఒకేసారి కాదు, పనిచేసిన రోజుల లెక్కన ముప్పై ఏళ్ళ పాటు కొంచెం కొంచెంగా. కాగితాన్ని దున్నగలమా?

చెరకు కొట్టడం అంటే ఏమిటో మీకు తెలీదు. ఆకు అంచు రంపంలా ఉంటుంది, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకోవాల్సిందే. అలా కొట్టినవాళ్ళలో కొందరికి 2004లో, వారానికి ఒక రోజే పని దొరికి, అప్పుల కోతలు పోగా, చేతికొచ్చింది తొమ్మిదిన్నర పెసోలు. అప్పటి మన డబ్బులో ఎనిమిది రూపాయలు కూడా కాదు. పైగా 300 మందికి పైగా పనిలోంచి తీసేశారు. నవంబరు 6న సమ్మె కట్టారు. 16న చక్కెర మిల్లు గేటు దగ్గర టియర్ గ్యాస్ తర్వాత కాల్పులు జరిగాయి. ఏడుగురు పోయారు.

ఆ భూమి పంచాల్సిందేనని సుప్రీంకోర్టు గట్టిగా తేల్చేసరికి 2012 వచ్చింది. మరుసటి ఏడాది అధికారులు చీట్లు తీసి ఎవరి ముక్క ఎవరిదో చెప్పారు. ఇల్లు ఒకచోట, పొలం ఎక్కడో దూరాన వచ్చినవాళ్ళున్నారు. తలా 6,600 చదరపు మీటర్లు.

అంటే ఎకరం అరవై సెంట్ల చిల్లర. మన చెరువు కింది మడి ఇంచుమించు అంతే ఉంటుంది. సెలవులకు వచ్చినప్పుడు గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఓసారి నడిపిస్తాను. చెప్పులు విప్పేసి రండి, బురదగా ఉంటుంది.

మీ
తాతయ్య