తూరు: ముట్టడి మిగిల్చిన నేల

తెలుగు బైబిల్ చదివినవాళ్లకు తూరు, సీదోను కొత్త పేర్లు కావు. సొలొమోను ఆలయానికి దేవదారు మానులు పంపిన హీరాము ఆ తూరుకే రాజు. దక్షిణ లెబనాన్‌లో ఆ ఊరు ఇప్పటికీ ఉంది. అక్కడివాళ్లు సూర్ అంటారు. 2024 అక్టోబరులో ఇజ్రాయెల్ విమానాలు ఊరి నడిబొడ్డున బాంబులు వేసినప్పుడు, జనంతోపాటు అక్కడి పురాతన శిథిలాల గురించీ ఆందోళన మొదలైంది. ఆ రెంటినీ విడదీసి చూడలేని ఊరది.

ఆ తీరాన ఒకప్పుడు సముద్ర వర్తకం చేసిన ఫినీషియన్ల కాలంలో తూరు ఒడ్డుకు కొద్ది దూరంలో ఉన్న దీవి. ఉత్తరాన ఒక రేవు, దక్షిణాన మరొకటి. మ్యూరెక్స్ అనే సముద్రపు నత్తల నుంచి తీసే ఊదా రంగు దాని సిరి. 1909లో ఒక రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలను వాడితే చేతికొచ్చిన రంగు 1.4 గ్రాములు! ఆ రంగు బట్ట రాజులకే ఎందుకు దక్కిందో వేరే చెప్పక్కర్లేదు. ఆఫ్రికా తీరాన కార్తేజ్ నగరాన్ని నెలకొల్పిందీ ఈ ఊరివాళ్లే.

చుట్టూ సముద్రమే కోటగోడ. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ దాన్ని దాటడానికి ఏకంగా నేలనే తయారుచేశాడు. ఒడ్డునున్న పాత ఊరిని పడగొట్టించి, ఆ రాళ్లూ కొండల మీది కలపా పోసి దీవిదాకా కట్ట వేయించాడు. ఏడు నెలలకు ఊరు పడింది. సుమారు 30,000 మందిని బానిసలుగా అమ్మేశారని అలెగ్జాండర్ చరిత్ర రాసిన గ్రీకు చరిత్రకారుడు ఏరియన్ చెప్పాడు.

సైన్యం వెళ్లిపోయింది, కట్ట ఉండిపోయింది. దానికి రెండు పక్కలా శతాబ్దాల తరబడి ఇసుక మేటవేసి దీవి కాస్తా ఒడ్డుకు అతుక్కుంది. ఇవాళ్టి ఇళ్లూ బజార్లూ చాలావరకు ఆ మేట మీదివే. దీవి భాగంలోని అల్ మినాలో రోమన్ల స్తంభాల వీధి. ఒడ్డువైపు అల్ బాస్‌లో సమాధులు, తోరణం, దాదాపు అర కిలోమీటరు పొడవున్న రథాల పందేల మైదానం. దాని పక్కనే పాలస్తీనా శరణార్థుల శిబిరం.

1984లో, లెబనాన్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగానే, యునెస్కో తూరును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2024 నవంబరులో తూరుతో సహా లెబనాన్‌లోని 34 స్థలాలకు తాత్కాలికంగా మరింత గట్టి రక్షణ ప్రకటించింది. వాటిపై దాడి చేసినా, వాటిని సైనిక అవసరాలకు వాడినా నేరమే. ఆ జాబితా వారసత్వ స్థలాలకే; అదే ఇసుక మేట మీద కాపురాలున్న ఇళ్లు అందులో లేవు.