నెమ్ము నీరు తీసే సూది: అపోహలు - వాస్తవాలు

"సిస్టర్, ఆ సూది వీపులోంచి పెడితే ముందుకొచ్చేస్తుందా?" గుణుపూర్ వైపు నుంచి వచ్చిన ఒక తాత అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ, పట్టుకుని చూస్తే చేతులు చల్లగా ఉన్నాయి.

నేను ఒడిశాలోని రాయగడలో స్టాఫ్ నర్సుని. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు (నెమ్ము అనేది దీన్నే) తీసేటప్పుడు డాక్టరుగారు పేషెంటు వెనక ఉంటారు, నేను ముందు కూర్చుంటాను. ఆయనకి వీపు కనిపిస్తుంది, నాకు ముఖం కనిపిస్తుంది. అందుకే ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎవరు దేనికి భయపడతారో నాకు కొంచెం ఎక్కువ తెలుసు. మా వార్డుకి ఒడియా వాళ్ళు, తెలుగు వాళ్ళు, కొండల మీది కుయి మాట్లాడేవాళ్ళు అందరూ వస్తారు. భాష ఏదైనా భయాలు మాత్రం ఇంచుమించు ఇవే.

అపోహ: నీళ్ళు ఎక్కువ తాగితే నెమ్ము చేరుతుంది.

తాగిన నీళ్ళు కడుపులోకి పోతాయి, ఊపిరితిత్తుల దగ్గరికి కాదు. ఊపిరితిత్తి చుట్టూ రెండు పల్చని పొరలుంటాయి. అవి ఒరుసుకోకుండా వాటి మధ్య మామూలుగానే రెండు మూడు చెంచాల తడి ఉంటుంది. టీబీ, న్యుమోనియా, గుండె బలహీనత, క్యాన్సర్, కిడ్నీ లేదా లివర్ జబ్బు, వీటిలో ఏదో ఒకటి వచ్చినప్పుడు ఆ తడి పెరిగి లీటర్లకు చేరుతుంది. మే నెల ఎండల్లో రెండు రోజులు నీళ్ళు మానేసి వచ్చిన ఒకమ్మకి ముందు సెలైన్ పెట్టాల్సి వచ్చింది, నెమ్ము సంగతి తర్వాత చూశాం. గుండెకో కిడ్నీకో జబ్బుండి డాక్టరు కొలత చెప్పినవాళ్ళే నీళ్ళు తగ్గించాలి.

అపోహ: సూది ఊపిరితిత్తికి చిల్లు పెడుతుంది.

నీరున్నది ఊపిరితిత్తి బయట. సూది అక్కడిదాకానే వెళ్తుంది. ముందు అల్ట్రాసౌండ్‌తో ఎక్కడ ఎంత లోతు నీరుందో చూసి గుర్తు పెడతారు. ప్రతి పక్కటెముక కింది అంచున నరమూ రక్తనాళాలూ వెళ్తాయి కాబట్టి, సూదిని ఎముక పై అంచు మీదుగా పోనిస్తారు. అసలు ప్రమాదమే లేదని నేను చెప్పను. అరుదుగా ఊపిరితిత్తికి గీత పడి దాని చుట్టూ గాలి చేరుతుంది. కొంచెమైతే దానంతటదే సర్దుకుంటుంది, ఎక్కువైతే పైపు వేస్తారు. స్కాన్ చూసి చేస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది.

అపోహ: నొప్పి ఎలాగూ ఉంటుంది, పళ్ళు బిగించి ఓర్చుకోవాలి.

దీనితోనే నాకు పెద్ద గొడవ. చర్మానికి, ఎముక మీది పొరకి, ఛాతీ లోపలి వైపున్న పొరకి నొప్పి తెలుస్తుంది. ఊపిరితిత్తికి తెలియదు. అందుకే సన్నసూదితో లిగ్నోకెయిన్ మత్తుమందుని పొర పొరకీ కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. అప్పుడు కొన్ని సెకన్లు గండుచీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. మందు మెల్లగా ఎక్కిస్తే, మరీ చల్లగా లేకుండా చూస్తే ఆ మంట కూడా తగ్గుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగాలి. రద్దీ రోజుల్లో మాకు ఆ ఆగడమే కష్టం. ఒప్పుకుంటాను.

మత్తు పట్టాక కూడా లోపల ఎవరో నొక్కుతున్నట్టు అనిపిస్తుంది. అది మామూలే. చురుక్కుమనే నొప్పి వస్తే మాత్రం చెప్పేయండి, ఇంకాస్త మందు వేస్తారు. లారీ తోలే ఒకతను "నాకేం కాదు సిస్టర్" అని బిగుసుకుని కూర్చున్నాడు. పై పెదవి మీద చెమట బొట్లు పట్టాయి, ముఖం తెల్లబడింది, మరుక్షణం దిండు మీదికి వాలిపోయాడు. భయంతోనూ నొప్పితోనూ బీపీ ఒక్కసారి పడిపోయింది. సూది తీసి పడుకోబెడితే కాసేపట్లో తేరుకున్నాడు గానీ, నీరు తీయడం మర్నాటికి వాయిదా పడింది.

కూర్చునే తీరులో సగం సుఖం ఉంది. ముందు బాత్రూముకి వెళ్ళి రండి. బల్ల మీద రెండు దిండ్లు పెట్టి, చేతులు మడిచి, వాటి మీద తల ఆనించమంటాం. పాదాలు వేలాడకూడదు, కింద స్టూలు ఉండాలి. లేకపోతే పది నిమిషాలకే నడుము లాగేసి కదులుతారు. ఆడవాళ్ళకి సూది కంటే వీపు విప్పి కూర్చోవడమే పెద్ద బాధ. జిప్పు నైటీ తెచ్చుకోండి. దాన్ని తిరగేసి తొడిగితే జిప్పు వీపు వైపుకి వస్తుంది, ముందు అంతా కప్పే ఉంటుంది. తెర అడగండి, పక్కన ఆడమనిషిని ఉండమనండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఇంకో సంగతి, భాష. కొత్తగా వచ్చిన ఒడియా డాక్టరు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారితో "నిశ్వాస నిఅంతు" అన్నారు. ఊపిరి పీల్చమని ఆయన ఉద్దేశం. మాస్టారికి మాత్రం నిశ్వాసమంటే వదలడం కదా! పాపం, ఉన్న ఊపిరంతా వదిలేసి బిగబట్టారు. అప్పట్నుంచి సూది పట్టేముందే ఏ మాటకి ఏం చెయ్యాలో పేషెంటు భాషలో ఒకసారి చెప్పి చూసుకుంటున్నాం. ఇబ్బందిగా ఉంటే వేలెత్తమంటాం. వేలు లేస్తే డాక్టరుగారు ఆగుతారు.

అపోహ: దగ్గు వచ్చిందంటే ఏదో తేడా జరిగింది.

నీరు తగ్గేకొద్దీ నలిగి ఉన్న ఊపిరితిత్తి విచ్చుకుంటుంది, దానికే దగ్గు వస్తుంది. అయితే దగ్గు ఆగకపోయినా, ఛాతీ పట్టేసినా, నొప్పి పుట్టినా చెప్పాలి. అక్కడితో ఆపాలని అది సూచన. "మొత్తం తీసెయ్యండమ్మా, మళ్ళీ రాలేం" అని ఇంట్లోవాళ్ళు బతిమాలతారు. రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, నిజమే. కానీ ఒక్కసారే ఎక్కువ తీస్తే ఊపిరితిత్తి తొందరగా విచ్చుకుని వాచే ప్రమాదముంది. అందుకే మామూలుగా ఒకటిన్నర లీటరు దాటరు.

అపోహ: నీరు తీస్తే ఒంట్లో బలం పోతుంది.

అందులో కొంత ప్రోటీన్ ఉంటుంది, అంతే. ఊపిరిని నొక్కిపెట్టి కూర్చున్న నీరు ఒంటికి బలమెలా అవుతుంది? గుడ్డు, పప్పు తినండి.

అపోహ: పరగడుపున రావాలి.

చోటుకి మాత్రమే మత్తు ఇచ్చి తీసేదానికి సాధారణంగా అక్కర్లేదు. ఖాళీ కడుపుతో వస్తేనే కళ్ళు తిరుగుతాయి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి.

అపోహ: ఒకసారి తీస్తే అలవాటైపోతుంది.

మళ్ళీ చేరేది జబ్బు వల్ల, సూది వల్ల కాదు. టీబీ అయితే మాత్రలు సాధారణంగా ఆరు నెలలు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తిండి కోసం నెలకి ఇచ్చే 500 రూపాయలని 2024 నవంబరు నుంచి 1000 చేశారు. రెండు నెలలకి ఊపిరి బాగుందని మాత్రలు మానేసేవాళ్ళతోనే మాకు టెన్షన్. క్యాన్సర్ వల్ల పదే పదే చేరుతుంటే ప్రతిసారీ గుచ్చించుకోనక్కర్లేదు. ఇంట్లోనే నీరు తీసుకునేలా సన్నటి పైపు ఉంచడం, పొరలు అతుక్కునేలా మందు ఎక్కించడం ఉన్నాయి, అడగండి.

అపోహ: పైపు బాటిల్‌ని సెలైన్‌లా ఎత్తి పట్టుకోవాలి.

కొందరికి ఛాతీలో పైపు ఉంచి, దాన్ని ఒక బాటిల్‌కి కలుపుతారు. విశాఖ రైలెక్కబోతూ ఒక కుర్రాడు వాళ్ళ నాన్న బాటిల్‌ని తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ప్రేమతోనే. కానీ అలా ఎత్తితే బాటిల్లో నీళ్ళు తిరిగి ఛాతీలోకి వెళ్తాయి. సెలైన్ పైన, ఇది కింద, ఎప్పుడూ ఛాతీ కంటే కింద. డాక్టరు చెప్పకుండా పైపుకి క్లిప్పు పెట్టకండి. పైపు దగ్గర నొప్పిగా ఉంటే నొప్పి మాత్ర అడిగి వేసుకోండి. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి పీల్చకపోతే ఊపిరితిత్తి విచ్చుకోదు.

సూదితో నీరు తీసి ఇంటికి పంపాక ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు పుట్టినా, జ్వరం తగిలినా పొద్దున్నే బస్సు వచ్చేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి.